వెబ్ సర్వర్లను పెంచినంత తేలికగా డేటాబేస్‌ను ఎందుకు పెంచలేం?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తుతాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపుల నుంచి రాత్రికి రాత్రే బయలుదేరిన బండ్లు తెల్లవారేసరికి యార్డులో ఉంటాయి. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే బహిరంగ వేలం, ముగియగానే తేజ రకం మిర్చికి ఎంత పలికింది, వండర్ హాట్‌కు ఎంత, చపాటాకు ఎంత అన్న సంగతి యార్డులో నిలబడిన రైతుకూ, ఊళ్లో ఇంకా కల్లంలో కాయ ఆరబోసుకుంటున్న రైతుకూ ఒకేసారి కావాలి. ఈ వ్యాసం కోసం అలాంటి మార్కెట్‌కు ఒక వెబ్‌సైటు ఉందని ఊహించుకుందాం. గేటు దగ్గర లాట్ (ఒక రైతు తెచ్చిన సరుకు) నమోదు, ఖరీదుదారులు వేసే ధరలు, కాంటా మీద తూకం, చివరికి రైతుకు ఇచ్చే తక్‌పట్టీ (తూకం, ధర, డబ్బు లెక్క రాసిన చీటీ), ఇవన్నీ ఒకే డేటాబేస్‌లోకి వెళతాయి. ధరలు చూడటానికి మాత్రం ఎవరైనా ఫోన్‌లో పేజీ తెరవవచ్చు. రోజంతా నెమ్మదిగా ఉండే ఈ సైటు మీద జెండా పాట తర్వాతి అరగంటలో వేలమంది ఒక్కసారిగా వచ్చి పడతారు.

మొదట ఇదంతా ఒకే యంత్రం మీద నడుస్తుంది. వెబ్ సర్వరూ అందులోనే, డేటాబేసూ అందులోనే. రద్దీ పెరిగి పేజీలు తెరుచుకోనప్పుడు ఎవరైనా ఇచ్చే సలహా సర్వర్లు పెంచమనే. ఈ ఒక్క సలహా కింద రెండు వేర్వేరు సమస్యలు దాగి ఉన్నాయి. వెబ్ సర్వర్ వచ్చిన విన్నపాన్ని చదివి, డేటాబేస్‌ను అడిగి, జవాబును పేజీగా మలిచి పంపుతుంది; ఆ తర్వాత దాని దగ్గర మిగిలేది ఏమీ ఉండదు, కాబట్టి ఒకటి ఉన్నచోట పది పెట్టవచ్చు, పదిలో రెండు కాలిపోయినా ఎవరి తూకమూ పోదు. డేటాబేస్ అలా కాదు, లెక్క ఉండేదే దాని దగ్గర. ఆ లెక్కను రెండు చోట్ల ఉంచిన క్షణం నుంచి ఆ రెండూ ఒకే మాట చెబుతున్నాయా అన్న ప్రశ్న వెంటపడుతుంది. మొదటిది డబ్బు పెడితే చాలావరకు తీరే సమస్య. రెండోది, వాడుకరికి మనం ఏం మాట ఇస్తున్నామో తేల్చుకుంటే తప్ప తీరదు. మీ తూకం నమోదైందని రైతు ఫోన్‌లో కనిపించిన ఆ క్షణానికి తూకం ఎన్ని యంత్రాల డిస్కుల మీద రాసి ఉంది? ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవారికి రెప్లికేషన్, అంటే డేటాబేస్‌కు నకళ్లు ఉంచే పద్ధతి, అర్థమైనట్టేనని నా నమ్మకం. కింద వచ్చేదంతా ఆ జవాబు కోసమే.

ముందుగా తేలికైన సగం

పది వెబ్ సర్వర్ల ముందు నిలబడి, వచ్చిన ప్రతి విన్నపాన్నీ వాటిలో ఒకదానికి అప్పగించే పని లోడ్ బ్యాలెన్సర్‌ది. 2001లో విల్లీ టారో విడుదల చేసిన హెచ్‌ఏ ప్రాక్సీ, 2004లో ఇగోర్ సిసోయెవ్ బయటికి తెచ్చిన ఎంజిన్‌ఎక్స్ ఈ పనికి ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్లు. ఏ సర్వర్‌కు అప్పగించాలన్నది తేల్చే పద్ధతుల్లో వరుసగా ఒక్కొక్కదానికి పంచడం అన్నిటికంటే సరళం. విన్నపాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో ఉంటే అది చాలు. మన సైటులో అలా ఉండదు. ఈరోజు ధర చూపడం రెండు మిల్లీసెకన్ల పని, ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) నెల మొత్తం లావాదేవీలను ఒకేసారి దించుకోవడం కొన్ని సెకన్ల పని. అలాంటిచోట చేతిలో ప్రస్తుతం అతి తక్కువ కనెక్షన్లు ఉన్న సర్వర్‌ను ఎంచుకోవడం మేలు.

బ్యాలెన్సర్లు కూడా ఒకటికంటే ఎక్కువ ఉన్నప్పుడు ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఏ సర్వర్ ఖాళీగా ఉందో అన్ని బ్యాలెన్సర్లకూ ఒకేసారి కనిపిస్తే, అన్నీ ఒకేసారి దాని మీదే పడతాయి. దీనికి విరుగుడు చాలా అందమైనది: ఏవైనా రెండు సర్వర్లను యాదృచ్ఛికంగా తీసుకుని, ఆ రెండింటిలో తక్కువ పని ఉన్నదానికి అప్పగించడం. ఒకే ఒక్కదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోవడంతో పోలిస్తే, రెండింటిని చూసి ఎంచుకున్నప్పుడు అత్యధిక భారం మోసే సర్వర్ మీది ఒత్తిడి అనూహ్యంగా తగ్గుతుందని 1990ల్లోనే గణితపరంగా నిరూపించారు. మూడు, నాలుగు చూడటం వల్ల అదనంగా కలిగే లాభం స్వల్పం. పైన చెప్పిన రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఈ పద్ధతి ఉంది.

వెబ్ సర్వర్ దగ్గర ఏమీ మిగలదని పైన అన్నాను. చాలా సైట్లలో అది పూర్తిగా నిజం కాదు. లాగిన్ అయిన ఖరీదుదారు ఎవరన్న సంగతిని, అంటే సెషన్‌ను, ఆ సర్వర్ తన మెమరీలోనే ఉంచుకుని ఉంటే, తర్వాతి విన్నపం వేరే సర్వర్‌కు వెళ్లగానే అతన్ని మళ్లీ లాగిన్ కమ్మంటుంది. ఒక వాడుకరిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపేలా బ్యాలెన్సర్‌కు చెప్పి చాలామంది దీన్ని దాటవేస్తారు. దానితో పని జరుగుతుంది కానీ భారం సమంగా పంచుకోబడదు, ఆ సర్వర్ పడిపోతే దాని సెషన్లన్నీ పోతాయి. సెషన్‌ను రెడిస్ (మెమరీలో డేటా దాచే సాఫ్ట్‌వేర్) వంటి ఉమ్మడి చోట ఉంచడమో, సంతకం చేసిన కుకీలో వాడుకరి దగ్గరే ఉంచడమో సరైన దారి. అప్‌లోడ్ చేసిన ఫొటోలు, తయారైన పీడీఎఫ్ తక్‌పట్టీలు కూడా ఏ ఒక్క వెబ్ సర్వర్ డిస్కులోనూ మిగలకూడదు. ఇవన్నీ తీసేశాకనే వెబ్ సర్వర్లను ఇష్టమొచ్చినన్ని పెట్టుకునే స్వేచ్ఛ వస్తుంది.

సర్వర్ బతికి ఉందో లేదో బ్యాలెన్సర్ కొద్ది సెకన్లకోసారి పలకరించి తెలుసుకుంటుంది. హెచ్‌ఏ ప్రాక్సీలో మామూలుగా ఇది రెండు సెకన్లకోసారి జరుగుతుంది. మూడుసార్లు వరుసగా జవాబు రాకపోతే ఆ సర్వర్‌ను వరుస నుంచి తప్పిస్తుంది, మళ్లీ రెండుసార్లు సరైన జవాబు వచ్చాకనే తిరిగి చేర్చుకుంటుంది. ఈ పలకరింపుకు వెబ్ సర్వర్ ఏం జవాబు చెప్పాలన్న దగ్గరే జాగ్రత్త కావాలి. తాను బాగుండటంతో పాటు డేటాబేస్ కూడా బాగుందో లేదో చూసి చెబితే మరింత నిజాయితీగా ఉంటుందని అనిపిస్తుంది. కానీ జెండా పాట తర్వాతి రద్దీలో డేటాబేస్ ఆరేడు సెకన్లు మందగిస్తే, పది వెబ్ సర్వర్లూ ఒకేసారి తాము బాగాలేమని చెబుతాయి, బ్యాలెన్సర్ పదింటినీ తప్పిస్తుంది, మందగించిన సైటు కాస్తా పూర్తిగా మూతపడుతుంది. అందువల్ల పలకరింపుకు ఇచ్చే జవాబు ఆ సర్వర్ సొంత ఆరోగ్యానికే పరిమితం కావాలని, డేటాబేస్‌ను వేరే పర్యవేక్షణ కింద ఉంచాలని నా సలహా.

ఒక్క సర్వర్ పడిపోవడం కూడా తేలికగా తీసుకోదగ్గది కాదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, అదే పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడి దాన్నీ తెంపుతాయి. పది సర్వర్లూ తొంభై శాతం భారంతో నడుస్తున్నప్పుడు రెండు పోతే, మిగిలిన ఎనిమిదింటి మీద పడేది నూట పన్నెండు శాతానికి పైమాటే. అవి కూడా ఒక్కొక్కటే పడిపోతాయి. కాబట్టి ఎన్ని సర్వర్లు కావాలన్న లెక్కను, కొన్ని లేనప్పుడు మిగిలినవి మోయగలవా అన్న వైపు నుంచి వేయాలి. మోయలేనప్పుడు కొన్ని విన్నపాలను వెంటనే మర్యాదగా తిప్పి పంపే ఏర్పాటు ఉంటే, మిగతావారికైనా పని జరుగుతుంది. బ్యాలెన్సర్ ఒక్కటే ఉంటే అది పోయినప్పుడు అన్నీ పోయినట్టే కనుక, ఒకే ఐపీ చిరునామాను రెండు బ్యాలెన్సర్లు పంచుకుని, ఒకటి మూగబోగానే రెండోది ఆ చిరునామాను అందుకునేలా అమర్చుతారు.

జవాబు రాని విన్నపాన్ని మరో సర్వర్‌కు పంపి చూడటం బ్యాలెన్సర్లకు ఉన్న మరో సదుపాయం. ధర చూడటానికి వచ్చిన విన్నపమైతే ఎన్నిసార్లు పంపినా నష్టం లేదు. లాట్‌కు ధర వేసే విన్నపమైతే, మొదటి సర్వర్ ఆ ధరను డేటాబేస్‌లో రాసేసి జవాబు చెప్పేలోపు ఆగిపోయి ఉండవచ్చు, రెండో సర్వర్ మళ్లీ రాస్తుంది. ఎంజిన్‌ఎక్స్ 1.9.13 నుంచి ఇలాంటి రాత విన్నపాలను ప్రత్యేకంగా అడిగితే తప్ప మళ్లీ పంపదు. అయినా వేలు రెండుసార్లు నొక్కే వాడుకరి ఉండనే ఉన్నాడు. ప్రతి రాత విన్నపానికీ ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్య రెండోసారి వస్తే డేటాబేస్ తిరస్కరించేలా చేయడం ఒక్కటే నమ్మదగిన ఏర్పాటు.

భారం మోసేది డేటాబేస్

వెబ్ సర్వర్లు రెండు నుంచి పన్నెండయ్యాయనుకుందాం. ఒక్కొక్కటి డేటాబేస్‌తో ముప్పై కనెక్షన్లు తెరిచి ఉంచుకుంటే మొత్తం మూడు వందల అరవై. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లయిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మామూలుగా వంద కనెక్షన్లకు, మైఎస్‌క్యూఎల్ నూట యాభై ఒకటికి పరిమితమై వస్తాయి. కొత్త సర్వర్లు చేర్చిన రోజే సైటు నిలిచిపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం. పరిమితిని పెంచడం సులువే కానీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రత్యేక ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్) కాబట్టి వందల కనెక్షన్లు ఒకదానితో ఒకటి పోటీ పడి అందరి పనినీ నెమ్మదింపజేస్తాయి. పీజీబౌన్సర్ వంటి మధ్యవర్తిని పెట్టి, వందల కనెక్షన్లను కొద్ది పదుల అసలు కనెక్షన్ల మీద నడిపించడం దీనికి మందు. భారాన్ని వెబ్ సర్వర్ల మధ్య పంచడం ఎంత బాగా చేస్తే, డేటాబేస్ మీద అంత బరువు చేరుతుంది.

అప్పుడు డేటాబేస్‌కు నకళ్లు తీయాలన్న ఆలోచన వస్తుంది. మన సైటులో రాసేవారు కొన్ని వందలమంది, చదివేవారు అనేక వేలమంది. రాతలన్నీ ఒకే యంత్రానికి పంపి, దాని నకళ్ల నుంచి చదివిస్తే సరిపోతుందని ఆ ఆలోచన. రాతలు స్వీకరించే యంత్రాన్ని ప్రైమరీ అని, నకళ్లను రెప్లికాలని అంటారు. నకలు ఎలా తయారవుతుందో తెలిస్తే దాని బలహీనతలు వాటంతట అవే అర్థమవుతాయి.

ఏ మంచి డేటాబేస్ అయినా మార్పును పట్టికలో దిద్దే ముందు దాన్ని ఒక చిట్టాలో వరుసగా రాసుకుంటుంది. కరెంటు పోయి మళ్లీ లేచినప్పుడు ఆ చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆ చిట్టానే రెప్లికాకు ప్రవాహంలా పంపుతుంది. ఈ సదుపాయం, దానితో పాటు రెప్లికా నుంచి చదివే వీలు, 2010లో వచ్చిన 9.0 వెర్షన్‌తో మొదలయ్యాయి. మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్ కోసం బైనరీ లాగ్ అనే మరో చిట్టాను ప్రత్యేకంగా రాస్తుంది. రెప్లికాలో ఒక థ్రెడ్ (మిగతావాటికి సమాంతరంగా నడిచే పని) ఆ చిట్టాను తెచ్చి తన దగ్గర దాచుకుంటుంది, మరొకటి దాన్ని చదివి మార్పులను తన పట్టికల్లో దిద్దుతుంది. చిట్టా అందడం ఒక ఘట్టం, అమలు కావడం ఇంకో ఘట్టం. ఈ రెండింటి మధ్య దూరమే తర్వాత వచ్చే చిక్కులన్నిటికీ పుట్టుక.

చిట్టాలో ఏం రాయాలన్న దాని మీద మైఎస్‌క్యూఎల్‌లో చాలా కాలం తర్జనభర్జన నడిచింది. వచ్చిన ఆదేశాన్నే యథాతథంగా రాస్తే చిట్టా చిన్నదిగా ఉంటుంది. కానీ, వరుసక్రమం చెప్పకుండా ఏవైనా పది వరుసలు తొలగించమన్న ఆదేశం ప్రైమరీలో ఒక పదింటిని, రెప్లికాలో వేరే పదింటిని తొలగించవచ్చు. అక్కడి నుంచి రెండు లెక్కలూ వేరవుతాయి, ఎవరికీ తెలియదు కూడా. అందుకే ఏ వరుస ఎలా మారిందో ఆ ఫలితాన్నే రాసే పద్ధతి 5.7.7 వెర్షన్ నుంచి మామూలు పద్ధతి అయింది. దీనికి ప్రతి పట్టికకూ ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తుపట్టించే విలువ) తప్పనిసరి అనుకోవడం మంచిది. అది, కనీసం వేరే ఏ ఇండెక్సూ (వెతకడాన్ని తేలిక చేసే సూచికా) లేని పెద్ద పట్టికలో పదివేల వరుసలు మారితే, రెప్లికా ప్రతి వరుసనూ వెతకడానికి పట్టిక మొత్తం తిరగవలసి రావచ్చు. రెప్లికా గంటల తరబడి వెనకబడిందని చెప్పుకునే సందర్భాల్లో మొదట చూడవలసిన చోటు ఇది.

నమోదైందని ఎప్పుడు చెప్పాలి?

ప్రైమరీ తన డిస్కులో రాసుకోగానే నమోదైందని చెప్పేసి, రెప్లికాలకు తీరికగా పంపడం ఒక పద్ధతి. దీన్ని అసింక్రనస్ రెప్లికేషన్ అంటారు, చాలాచోట్ల నడిచేది ఇదే. ఇది వేగంగా ఉంటుంది, రెప్లికా పడిపోయినా ప్రైమరీకి పట్టదు. కానీ రైతుకు నమోదైందని చెప్పిన మరుక్షణం ప్రైమరీ డిస్కు పాడైతే, ఇంకా బయలుదేరని ఆ తూకం ఇక ఎక్కడా లేదు. మనం అబద్ధం చెప్పినట్టవుతుంది.

కనీసం ఒక రెప్లికా అందిందని చెప్పేదాకా ఆగి, అప్పుడు వాడుకరికి చెప్పడం సింక్రనస్ పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇది 2011 నాటి 9.1లో చేరింది. రెప్లికా చిట్టాను డిస్కులో రాసుకుంటే చాలా, పట్టికల్లో అమలు చేసేదాకా కూడా ఆగాలా అన్నది కూడా మనమే నిర్ణయించవచ్చు, ఒక్కో లావాదేవీకి ఒక్కో విధంగా. ఈ చివరి సదుపాయాన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే అత్యంత విలువైనదిగా కనిపిస్తుంది. తక్‌పట్టీ రాసేటప్పుడు రెండు చోట్ల పడేదాకా ఆగవచ్చు. ఎవరు ఏ పేజీ చూశారన్న నమోదుకు ఆగనక్కర్లేదు. రెంటినీ ఒకే త్రాసులో తూచడం వల్లనే సింక్రనస్ అంటే నెమ్మది అన్న అపోహ బలపడింది.

ఆగడానికి వెల ఉంది, అది దూరాన్ని బట్టి ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు నూట నలభై ఐదు కిలోమీటర్లు, అంటే పోయి రావడానికి ఎంత లేదన్నా ఒకటిన్నర మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబైకి ఆరేడు వందల కిలోమీటర్లు, పోయి రావడానికి ఆరేడు మిల్లీసెకన్లు. ఇవి భౌతికశాస్త్రం విధించిన కనీస హద్దులు, తీగలు తిన్నగా సాగవు కనుక వాస్తవంలో ఇంతకంటే ఎక్కువే. ఏడు మిల్లీసెకన్లు మనిషికి తెలియవు. కానీ ఒకే లాట్ మీద ధరలు ఎగబాకుతున్నప్పుడు, ఒక ధర ఖాయమయ్యేదాకా ఆ వరుసకు తాళం పడి ఉంటుంది, తర్వాతి ధర బయట నిలబడుతుంది. అందువల్ల ఆ ఒక్క లాట్‌కు సెకనుకు దాదాపు నూట నలభైకి మించి మార్పులు సాధ్యం కావు, ఎంత ఖరీదైన యంత్రం కొన్నా సరే. ఒక లాట్ పాటకు నూట నలభై చాలా ఎక్కువ. మార్కెట్ మొత్తం బస్తాల సంఖ్యను ఒకే వరుసలో పెట్టి ప్రతి కాంటా దాన్నే పెంచుతుంటే మాత్రం అదే ఇరుకు సందు అవుతుంది. 2016లో ముంబైలో మొదలైన అమెజాన్ క్లౌడ్ కేంద్రానికి తోడుగా 2022 నవంబరులో హైదరాబాద్‌లో కూడా కేంద్రం వచ్చింది. కాబట్టి హైదరాబాద్‌లోని వేర్వేరు జోన్ల (విడివిడి డేటా కేంద్రాల) మధ్య సింక్రనస్‌గా, ముంబైకి అసింక్రనస్‌గా నకలు పంపడం ఇప్పుడు మన ప్రాంతపు సంస్థలకు అందుబాటులో ఉన్న సమంజసమైన ఏర్పాటు.

సింక్రనస్‌లో ఇంకో ప్రమాదం ఉంది: ఆ ఒక్క రెప్లికా ఆగిపోతే ప్రైమరీ ఎవరి జవాబు కోసం ఆగాలి? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆగుతూనే ఉంటుంది, రాతలన్నీ నిలిచిపోతాయి. మైఎస్‌క్యూఎల్‌లోని సెమీ సింక్రనస్ పద్ధతి మామూలుగా పది సెకన్లు చూసి, ఆ తర్వాత చప్పుడు చేయకుండా అసింక్రనస్‌లోకి జారుకుంటుంది. రెండు చోట్ల పడితేనే నమోదు అని మనం అనుకుంటూ ఉండగా ఒక్కచోటే పడుతూ ఉంటుంది. మొదటిది సేవను ఆపి మాట నిలబెట్టుకుంటుంది, రెండోది సేవను నడిపి మాటను వదులుకుంటుంది. ఏది మంచిదన్నది అన్నింటికీ ఒకేలా ఉండదు, కానీ తక్‌పట్టీ విషయంలో నేను మొదటిదాని పక్షమే. రెండు రెప్లికాలు పెట్టి, వాటిలో ఏదో ఒకటి అందిందంటే చాలని చెబితే, ఒక్కటి ఆగినా పని సాగుతుంది.

వెనకబడిన నకలు చెప్పే మాట

అసింక్రనస్ రెప్లికా ఎప్పుడూ కొంత వెనకే ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ వెనకబాటు మిల్లీసెకన్లలో, రద్దీలో సెకన్లలో, పెద్ద పట్టిక నిర్మాణాన్ని మార్చిన రోజున గంటల్లో కూడా ఉండవచ్చు. కల్లంలో ఉన్న రైతుకు జెండా పాట ధర మూడు సెకన్లు ఆలస్యంగా కనిపిస్తే నష్టమేమీ లేదు. కాంటా దగ్గర తూకం నమోదు చేసిన గుమాస్తాకు మాత్రం పేజీ మళ్లీ తెరిస్తే తన నమోదే కనిపించదు, ఎందుకంటే రాసింది ప్రైమరీలో, చదివింది రెప్లికాలో. అతను మళ్లీ నమోదు చేస్తాడు. ఒక బస్తా రెండు బస్తాలవుతుంది.

రాసిన వాడుకరి చదివే విన్నపాలను కొన్ని సెకన్లపాటు ప్రైమరీకే పంపడం సులువైన మార్గం. వెనకబాటు ఆ కొన్ని సెకన్లను దాటిన రోజున అది పనిచేయదు. ఇంతకంటే గట్టి మార్గం, రాత పూర్తికాగానే చిట్టాలో దాని స్థానాన్ని ఆ వాడుకరి సెషన్‌లో గుర్తుంచుకుని, ఆ స్థానం దాకా చేరిన రెప్లికా నుంచే చదివించడం. మైఎస్‌క్యూఎల్ 5.6లో ప్రతి లావాదేవీకీ ప్రపంచంలో మరెక్కడా ఉండని గుర్తు ఇవ్వడం మొదలైంది కాబట్టి, ఫలానా లావాదేవీ నీదాకా వచ్చిందా అని రెప్లికాను అడగవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో చిట్టాలోని స్థానాన్నే పోల్చి చూడవచ్చు.

రెండు రెప్లికాలు వేర్వేరు దూరాల్లో వెనకబడినప్పుడు మరో వింత ఎదురవుతుంది. మొదటిసారి పేజీ తెరిచినప్పుడు కొత్త ధర, మళ్లీ తెరిస్తే పాత ధర, మూడోసారి మళ్లీ కొత్తది. ధర పడిపోయిందని కంగారుపడిన రైతు సరుకును తొందరపడి అమ్ముకోవచ్చు. కాలం వెనక్కి నడిచినట్టు కనిపించకుండా ఉండాలంటే ఒక వాడుకరిని ఒకే రెప్లికాకు కట్టడి చేయాలి, లేదా పైన చెప్పిన చిట్టా స్థానాన్ని చదివేటప్పుడు కూడా గుర్తుంచుకోవాలి. ధర పక్కనే అది ఏ నిమిషం నాటిదో చూపించడం సాంకేతిక పరిష్కారం కాకపోయినా, నా దృష్టిలో అన్నిటికంటే న్యాయమైనది.

రెప్లికాలు చదువులను పంచుకుంటాయి, రాతలను పంచుకోవు. ఈ మాట తెలిసినట్టే ఉంటుంది కానీ దాని లెక్క వేసి చూసేవారు తక్కువ. ఒక యంత్రం సెకనుకు వెయ్యి పనులు చేయగలదనుకుందాం. రాతలు రెండు వందలైతే, ప్రతి రెప్లికా కూడా ఆ రెండు వందల రాతలనూ చేయాలి, చదువులకు మిగిలేది ఎనిమిది వందలు. రాతలు తొమ్మిది వందలకు పెరిగితే కొత్తగా కొన్న ప్రతి యంత్రమూ ఇచ్చేది వంద చదువులు మాత్రమే. ఆ దశలో నకళ్లు కొనడం వృథా. డేటానే విడదీసి, మిర్చి ఒక ప్రైమరీకి, పత్తి ఇంకో ప్రైమరీకి అన్నట్టు పంచుకోవాలి. అది వేరే పెద్ద కథ. అక్కడిదాకా పోకముందే, అరగంటపాటు అందరూ అడిగేది ఒకే ధరల పట్టిక కాబట్టి దాన్ని ఐదు సెకన్లపాటు కాష్‌లో (సిద్ధమైన జవాబును తాత్కాలికంగా దాచే చోట) ఉంచితే డేటాబేస్‌కు చేరే చదువుల్లో చాలాభాగం తగ్గిపోతుంది. చాలా సైట్లకు మూడో రెప్లికా కంటే ముందు కావలసింది ఇదే.

ప్రైమరీ పోతే ఎవరు నిర్ణయించాలి?

ప్రైమరీ నుంచి జవాబు రావడం లేదు. అది చనిపోయిందా, లేక మధ్యలో తీగ తెగిందా? రెప్లికాకు ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. తీగ మాత్రమే తెగి ఉంటే, రెప్లికా తనను తాను ప్రైమరీగా ప్రకటించుకున్న క్షణం నుంచి ఇద్దరు ప్రైమరీలుంటారు. అటువైపు కొందరు, ఇటువైపు కొందరు రాస్తారు. ఒకే తక్‌పట్టీ సంఖ్య ఇద్దరు రైతులకు పడుతుంది. తీగ మళ్లీ అతికాక ఆ రెండు చరిత్రలను కలపడం యంత్రానికి చేతకాదు, మనుషులు కూర్చుని ఒక్కొక్క వరుసా చూడాలి. స్ప్లిట్ బ్రెయిన్ అనే ఈ స్థితికి ఒక్కటే నివారణ: మొత్తం సభ్యుల్లో సగానికి మించినవారు ఒప్పుకుంటే తప్ప ఎవరూ ప్రైమరీ కాకూడదు. దీన్ని కోరం అంటారు. ఇద్దరే ఉంటే విడిపోయినప్పుడు ఎవరికీ మెజారిటీ ఉండదు. అందుకే ముగ్గురు కావాలి, ఆ మూడోది డేటా లేకుండా ఓటు మాత్రమే వేసే చిన్న యంత్రమైనా సరే, కానీ వేరే చోట ఉండాలి. లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన పాక్సోస్, 2014లో డియేగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ ప్రచురించిన రాఫ్ట్ ఈ ఒప్పందం దోషం లేకుండా ఎలా కుదరాలో చెప్పే పద్ధతులు. పాత ప్రైమరీని నెట్‌వర్క్ నుంచి తప్పించడమో, కరెంటు తీసేయడమో చేసి, అది ఇక రాయలేదని నిర్ధారించుకున్నాకనే కొత్తదానికి పట్టం కట్టాలి.

కోరం ఉన్నా సరిపోదని, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌కు 2018 అక్టోబరు 21న జరిగినదాన్ని బట్టి తెలుస్తుంది. నెట్‌వర్క్ పరికరం మారుస్తుండగా అమెరికా తూర్పు తీరంలోని వారి కేంద్రానికి 43 సెకన్లపాటు సంబంధం తెగిపోయింది. ఆ కొద్దిసేపట్లోనే, వారి ఫెయిలోవర్ (ప్రైమరీ పోతే రెప్లికాను దాని స్థానంలోకి తెచ్చే) సాఫ్ట్‌వేర్ మెజారిటీ ఓటుతో, నిబంధనల ప్రకారమే, పశ్చిమ తీరంలోని మైఎస్‌క్యూఎల్ యంత్రాలను ప్రైమరీలుగా ఎంచుకుంది. తూర్పున అప్పటికే రాసి, పశ్చిమానికి ఇంకా చేరని రాతలు కొన్ని మిగిలిపోయాయి. రద్దీ ఎక్కువగా ఉన్న ఒక క్లస్టర్‌లో (కలిసి పనిచేసే డేటాబేస్ యంత్రాల గుంపులో) అవి 954. ఇటు పశ్చిమాన కొత్త రాతలు చేరుతూ ఉన్నాయి. రెండు తీరాల్లోనూ రెండోచోట లేని లెక్క ఉంది కాబట్టి వెనక్కి మళ్లడం కుదరలేదు. దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వచ్చే ఆలస్యాన్ని తూర్పున ఉన్న అప్లికేషన్లు తట్టుకోలేకపోయాయి. అన్నీ సరిచేసేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వేగం కంటే డేటా భద్రతకే ప్రాధాన్యం ఇస్తామని వారు ఆ సమయంలో తీసుకున్న నిర్ణయం సరైనదని నేను అనుకుంటాను. ఓటు సాఫ్ట్‌వేర్‌కు వదిలేసేటప్పుడు, ఎంత దూరం దాకా దాన్ని ఎన్నుకోనివ్వాలన్న హద్దు మనుషులే ముందుగా గీయాలి. ఒకే ఊళ్లోని యంత్రాల మధ్య మార్పిడిని యంత్రానికి వదిలేయవచ్చు. వేరే ఊరికి మార్చే నిర్ణయాన్ని మనిషి చేతిలో ఉంచడమే మేలు, పది నిమిషాలు ఆలస్యమైనా సరే.

నెట్‌వర్క్ చీలినప్పుడు ఇరువైపులా జవాబు చెబుతూనే ఉండటం, ఇరువైపులా ఒకే నిజం చెప్పడం, ఈ రెండూ కలిసి సాధ్యం కావని ఎరిక్ బ్రూవర్ 2000లో ప్రతిపాదించగా, సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ 2002లో నిరూపించారు. క్యాప్ సిద్ధాంతంగా పేరొందిన దీన్ని మొత్తం వ్యవస్థకు ఒకే ఎంపికగా బోధించడం చూస్తుంటాం. ధరల పట్టిక చీలిక సమయంలోనూ పాత ధర చూపవచ్చు, తక్‌పట్టీ రాయడం మాత్రం ఆగాలి. ఒకే సైటులో రెండు ఎంపికలూ ఉండవచ్చు, ఉండాలి కూడా.

నకలు ఉంది కదా అని బ్యాకప్‌ను నిర్లక్ష్యం చేయడం గురించి కూడా చెప్పాలి. పొరపాటున ఎవరైనా పట్టిక తొలగిస్తే, రెప్లికేషన్ ఆ తొలగింపును కూడా అంతే నమ్మకంగా అన్ని నకళ్లకూ చేరవేస్తుంది. 2017 జనవరి 31న, గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో, వెనకబడి ఆగిపోయిన రెప్లికాను మళ్లీ నిలబెట్టే ప్రయత్నంలో ఉన్న ఇంజినీరు, ఖాళీ చేయవలసిన రెప్లికా డైరెక్టరీకి బదులు ప్రైమరీలోని డైరెక్టరీని తొలగించారు. ఆపేసరికి దాదాపు 300 జీబీ పోయింది. రోజూ జరగవలసిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల అప్పటికే విఫలమవుతోంది, ఆ సంగతి తెలియజేసే ఈమెయిళ్లు కూడా చేరడం లేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి డిస్కు నకలు) ఉండబట్టి అక్కడిదాకా కోలుకున్నారు. ఆ ఆరు గంటల డేటాబేస్ మార్పులు పోయాయి. వారు ఇదంతా దాచకుండా ప్రచురించడం వల్లనే మిగతా లోకానికి ఇది పాఠ్యాంశమైంది.

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వంటి చోట్ల నుంచి ఇలాంటి సైటును ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లతో నడిపేవారికి నేను చెప్పగలిగే ఏర్పాటు చిన్నదే. సెషన్ దాచుకోని వెబ్ సర్వర్లు మూడు, వాటి ముందు రెండు బ్యాలెన్సర్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైమరీ, రెండు రెప్లికాలు, మూడూ వేర్వేరు జోన్లలో. రెండు రెప్లికాల్లో ఏదో ఒకటి అందుకుంటేనే డబ్బు, తూకం వంటి రాతలు ఖాయం. ధరల పేజీకి కాష్. దూరపు ఊళ్లో అసింక్రనస్ నకలు ఒకటి, వీటన్నిటికీ సంబంధం లేని చోట రోజువారీ బ్యాకప్, దానితో పాటు ఎప్పటికప్పుడు చేరే చిట్టా. వెనకబాటును కొలవడానికి రెప్లికా తన గురించి తాను చెప్పే సంఖ్యను మాత్రమే నమ్మకూడదు, ఎందుకంటే చిట్టా అందడమే ఆగిపోయినప్పుడు, అందినదంతా అమలు చేసేశానన్న లెక్కతో అది సున్నా అని చూపే సందర్భాలున్నాయి. ప్రైమరీలో ప్రతి సెకనూ సమయాన్ని ఒక చిన్న పట్టికలో రాస్తూ, ఆ సమయం రెప్లికాలో ఎంత పాతగా కనిపిస్తోందో చూస్తే అసలు వెనకబాటు తెలుస్తుంది. వానాకాలంలో యార్డు ఖాళీగా ఉండే రోజుల్లో ఒకసారి ప్రైమరీని కావాలనే ఆపి ఫెయిలోవర్ జరిపి చూడాలి, బ్యాకప్ నుంచి కొత్త యంత్రం మీద డేటాబేస్‌ను పూర్తిగా లేపి తక్‌పట్టీల మొత్తం సరిపోతోందో లేదో లెక్కించాలి, దానికి పట్టిన సమయాన్ని రాసి పెట్టుకోవాలి. సీజన్‌లో నిజంగానే ప్రైమరీ పడిపోయినప్పుడు సైటు ఎంతసేపట్లో తిరిగి లేస్తుందని మార్కెట్ కార్యదర్శి అడిగితే, జవాబుగా చెప్పవలసింది ఆ రాసి పెట్టుకున్న సమయాన్నే.